చిన్న ఊళ్లలో గవర్నమెంటు బడుల్లో పిల్లలు ఎందుకు తగ్గిపోతున్నారు? చదువు బాగోలేకనా?

చదువు బాగోలేక అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. పదో తరగతి ఫలితాల్లో 2023 నుంచి 2025 దాకా వరసగా ఆంధ్రప్రదేశ్‌లో మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాదే. 2024లో అయితే 96.37 శాతం పాస్. కార్పొరేట్ హోర్డింగులు నిండిన విజయవాడో గుంటూరో కాదు, 2022 దాకా మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉన్న, ఏజెన్సీ ఊళ్లున్న ప్రాంతం. గిరిజన ఆశ్రమ పాఠశాలలున్న చోటు.

మరి పిల్లలెందుకు పోతున్నారు? మాది రాజాం. వేసవి సెలవుల చివర్లో మా ఎదురింటి అరుగు మీదకి ఒకేసారి రెండు పార్టీలొచ్చాయి. ఒకవైపు మా ప్రైమరీ స్కూలు మాస్టారు, చేతిలో కరపత్రాలు. ఇంకోవైపు ప్రైవేటు స్కూలు టీచరమ్మాయిలిద్దరు, రంగుల బ్రోచర్లతో. పాపం, వాళ్లకి అడ్మిషన్ల టార్గెట్లు, ఇన్ని చేర్పించకపోతే జీతానికి ఎసరు. మాస్టారు పుస్తకాలు, బూట్లు, బ్యాగు, మధ్యాహ్నం గుడ్డు, అన్నీ చెప్పుకొచ్చారు. ఎదురింటావిడ ఓపిగ్గా విని, "అదంతా బాగుంది గానీ మాస్టారూ, ఐదు తరగతులకీ మీరొక్కరేనేటి? మీరు మీటింగుకెళ్తే మా గుంటడికి పాఠం ఎవలు చెప్తారు?" అంది. ఆయన "డెప్యుటేషన్ మీద ఒకరొస్తారమ్మా" అని నసిగారు. ఆ అమ్మాయిలు బ్రోచర్ తెరవకుండానే సీటు ఖాయమైపోయింది.

తిరకాసంతా ఇక్కడే. పిల్లలు తగ్గారని టీచర్ని వేరే బడికి సర్దుతారు, టీచర్ లేడని ఉన్న పిల్లలూ పోతారు. విద్యా హక్కు చట్టం ప్రకారం అరవైమంది లోపు ఉన్నా ఇద్దరు టీచర్లుండాలి. ఎవరికి పట్టింది? 2022లో జీవో 117 తెచ్చి, మూడు నుంచి ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలపడం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ల పిల్లని మెయిన్ రోడ్డు దాటించే కన్నా గుమ్మం ముందుకొచ్చే వ్యాన్ ఎక్కించడం నయమనుకున్నారు జనం. పైగా పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చిన అమ్మ ఒడి డబ్బులు ప్రైవేటులో చదివినా పడ్డాయి. 2025లో ఆ జీవో వెనక్కి తీసుకున్నారు సరే, వ్యాన్ ఎక్కినవాళ్లు మళ్లీ దిగుతారా?

సర్కారు బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం కింద రంగులు, ఫ్యాన్లు, బెంచీలు వచ్చాయి, కాదనను. కానీ టైల్స్ ఎక్కాలు చెప్పవు కదా. ఉన్న ఒక్క మాస్టారితో బాత్రూములకి ఫొటోలు తీయించి యాప్‌లో పెట్టించిన ఘనత కూడా మనదే.

మీ పిల్లాడిని చేర్చాలనుకుంటే గోడలు చూడకండి, ఎంతమంది టీచర్లున్నారో అడగండి. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉంది, సబ్జెక్టుకో టీచర్ ఉన్నారు, నాకే టెన్షనూ లేదు. అన్నట్టు, సర్కారు టీచర్లలో చాలామంది సొంత పిల్లలు ప్రైవేటులోనే చదువుతుంటారు. ఎదురింటావిడకి ఆ సంగతీ తెలుసు, మర్యాదకి అడగలేదంతే.