పాత ఎక్స్‌ట్రా 300 ఆర్సీ (రిమోట్‌తో ఎగరేసే మోడల్) విమానానికి దొరకని పార్టులు విజయవాడలో చేయించుకోవచ్చా?

మీ ప్రశ్న: రెక్కల కొస నుంచి కొసకు 48 అంగుళాలున్న బాల్సా (తేలికైన కర్ర) ఎక్స్‌ట్రా 300 ముక్కు నేలకు గుద్దుకుంది. కౌలింగ్ (మోటార్ మీది ముక్కు తొడుగు), క్యానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) పగిలాయి, కుడి రెక్కలో మూడు రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డు పలకలు) విరిగాయి, కంపెనీ ఆ కిట్ ఆపేసింది. గుంటూరు, విజయవాడల్లో ఎవరైనా చేసిస్తారా?

కొన్ని చేసిస్తారు, కొన్ని మనమే చేసుకోవాలి. నాదీ 48 అంగుళాల ఎక్స్‌ట్రానే. కోతైన చేలో ఎగరేస్తూ తలకిందుల పాస్‌లో ఎలివేటర్ (ముక్కును పైకీ కిందకీ తిప్పే తోక పలక) అటుదిటు చేశాను, అంతే.

ముందు ఒక్క ముక్క కూడా పారేయకండి. మా ఇంట్లో చెత్తనుకుని సగం ఊడ్చేశారు, తర్వాత ఆ సగం కోసమే నెల తిప్పలు పడ్డాను. విరిగిన ముక్కలే మీ డ్రాయింగ్.

రిబ్బుల గురించి టెన్షన్ వద్దు. ఏరోబాటిక్ విమానం తలకిందులుగానూ అలాగే ఎగరాలి కాబట్టి రెక్క పైవంపు, కిందవంపు ఒకటే. రిబ్బు పైసగం దొరికితే చాలు, కాగితం మీద గీసి మధ్యకు మడిచి కత్తిరిస్తే పూర్తి రిబ్బు వస్తుంది. అసలేమీ మిగలకపోతే ఎడమ రెక్క మీద అదే చోట ఫిల్మ్ (పైన అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర) కోసి కొలత తీసుకోండి. (వాల్టర్ ఎక్స్‌ట్రా చేసిన అసలు విమానం 1988లో ఎగిరింది. దాని రెక్క కార్బన్ ఫైబర్, ఇలా బ్లేడుతో కోసుకునే భాగ్యం వాళ్లకు లేదు.)

కౌలింగ్ దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఆటోనగర్‌లో బస్సు బాడీలకు ఫైబర్ పనిచేసే ఒకాయనకు ఇచ్చాను. ఫినిషింగ్ అద్దంలా వచ్చింది, బరువు మాత్రం 240 గ్రాములు! పాతది 70. ఆయన తప్పేం లేదు, బస్సుకు వాడే మందపాటి మ్యాట్, పాలిస్టర్ రెజిన్ వాడాడు. ముక్కు బరువెక్కితే తలకిందులుగా ఎగిరేటప్పుడు స్టిక్ ఎక్కువ నెట్టి పట్టుకోవాలి, విన్యాసాల్లో చురుకుదనం పోతుంది. రెండోసారి పాత ముక్కలను లోపలినుంచి టేపుతో అతికించి, పుట్టీ పెట్టి, మైనం పూసి దాని మీదే మోల్డ్ తీశాను. అందులో పల్చటి గ్లాస్ క్లాత్ రెండు పొరలు, ఎపాక్సీ. 85 గ్రాములకు వచ్చింది. ఒక జాగ్రత్త: మన ఎండల్లో 30 నిమిషాల ఎపాక్సీ సగం టైముకే గట్టిపడుతుంది. కప్పులో కాకుండా వెడల్పు పళ్లెంలో కొంచెం కొంచెంగా కలపండి, లేకపోతే కప్పులోనే వేడెక్కి పొగలొస్తాయి.

క్యానపీకి కొండపల్లి వెళ్లాను. బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్రతో ఒక పెద్దాయన క్యానపీ ఆకారం చెక్కి, సందుల్లో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టి నున్నగా చేసిచ్చారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి, ఆ దిమ్మను లోపల దూర్చి హీట్ గన్ తిప్పితే ప్లాస్టిక్ ముడుచుకుని దిమ్మకు అతుక్కుంటుంది. మూడు సీసాలు పాడయ్యాక నాలుగోది కుదిరింది. పొణికి తేలికే కదా అని రిబ్బులకు వాడబోయాను, బాల్సా కన్నా బరువు. దిమ్మలకే బాగు.

మోటార్ వెనకుండే అల్యూమినియం స్టాండ్‌ఆఫ్‌లు (మోటార్‌ను నిలిపే చిన్న కడ్డీలు) మాత్రం కళ్లు మూసుకుని ఆటోనగర్ లేత్ వాళ్లకు ఇవ్వండి. వంగనిది ఒకటి శాంపిల్‌గా చూపిస్తే చాలు, టీ తాగి వచ్చేలోపు నాలుగూ చేసిస్తారు.

సొంతంగా చేయకూడనివి రెండు. రెక్కలను కలిపే కార్బన్ ట్యూబ్ కొనాల్సిందే. ఫైర్‌వాల్‌కు (మోటార్ బిగించే ముందు పలక) బర్చ్ ప్లై తెప్పించుకోండి. నేను ఫర్నిచర్ ప్లై వేస్తే బెంచ్ మీద ఫుల్ త్రాటిల్‌కే పొరలు విడిపోయాయి. గాల్లో అయ్యుంటే విమానమే మిగిలేది కాదు.

అన్నీ అతికించాక, ఫిల్మ్ వేయకముందే సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) చూసుకోండి. తోక సీజీకి దూరం కాబట్టి అక్కడ 10 గ్రాముల జిగురు ఎక్కువైతే ముక్కులో దానికి రెట్టింపు పైనే సీసం పెట్టాల్సొస్తుంది.

కౌలింగ్ మోల్డ్, క్యానపీ దిమ్మ నా దగ్గరే ఉన్నాయి. మీ ఫైర్‌వాల్ వెడల్పు, ముక్కు పొడవు మిల్లీమీటర్లలో కింద రాయండి. సరిపోతే వచ్చి పట్టుకెళ్లండి, సీసాలు మీరే తెచ్చుకోవాలి.