వేషం దొరకలేదని ఇచ్చిన పని

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నాటికలో నీకు వేషం ఇవ్వలేదట, 'స్టేజి చూసుకో' అన్నారట, నువ్వు అన్నం మానేసి పడుకున్నావట. మన నాటక సమాజాల్లో స్టేజి మేనేజరు పని ఎప్పుడూ అలాగే వస్తుందమ్మాయ్. వేషానికి పనికిరానివాడికో, చందా ఇచ్చినాయన బావమరిదికో అప్పజెప్తారు. నేనూ వేషం కోసమే వెళ్ళాను. గొంతు బాగాలేదన్నారు. 'ఈసారికి వింగులో నిలబడవోయ్' అంటే నిలబడి, స్టేజి పక్కన ఆ తెర చాటునే ముప్పై ఏళ్ళు ఉండిపోయాను. అందుకని ఓదార్పు మాటలేవీ రాయడం లేదు. పని ఎలా చేయాలో రాస్తున్నాను.

ముందు స్క్రిప్టు. జిరాక్సు తీయించి, ఒక్కో పేజీని పొడుగు నోటుబుక్కులో కుడివైపు అంటించు. ఎడమవైపు ఖాళీగా వదిలెయ్. ఎవరు ఏ వింగులోంచి వస్తారు, చేతిలో ఏముంటుంది, ఏ మాట మీద లైటు మారుతుంది, ఏ మాట మీద మ్యూజిక్ అందుకోవాలి, అన్నీ ఆ ఖాళీలో పెన్సిల్‌తో రాయి. పెన్ను వద్దు. దర్శకుడు ఈరోజు మారుస్తాడు, ఎల్లుండి 'మొదట అనుకున్నదే బాగుంది' అంటాడు. రిహార్సల్స్‌కి మొదటి రోజు నుంచీ వెళ్ళు. ఆఖరి వారంలో ఊడిపడ్డ స్టేజి మేనేజరు మాట నటులు వినరు. వినక్కర్లేదు కూడా.

ఇక సామాను. నటుడు 'నా దగ్గరుంది' అంటే నమ్మకు. ఒక పరిషత్తులో, అంటే నాటికల పోటీలో, మా నాటిక అంతా చివర్లో తండ్రి రాసిన ఉత్తరం మీద నడుస్తుంది. 'ఉత్తరం జేబులో ఉందిగా' అన్నాడు కొడుకు వేషధారి. ఉందిలే, కానీ అది గ్రీన్‌రూములో విప్పి పారేసిన ప్యాంటు జేబులో ఉంది. స్టేజి మీద జేబులో చెయ్యి పెడితే ఆర్టీసీ బస్సు టికెట్ తగిలింది. పాపం, దాన్నే విప్పి పేజీన్నర ఉత్తరం చదివాడు, కన్నీళ్ళతో సహా. ముందు వరుసలో జడ్జీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏడుపుకి కాదని నాకు తెలుసు. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది. వింగు దగ్గర నిలబడి ఉత్తరం నేను చేతికి ఇవ్వాల్సింది.

ఆ దెబ్బతో ఒక పద్ధతి పెట్టుకున్నాను. రెండు వైపులా వింగు వెనక చెరొక బల్ల. దాని మీద న్యూస్‌పేపరు పరిచి, వస్తువు పెట్టే చోట స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీసి పేరు రాసేవాణ్ణి. కళ్ళజోడు, ఉత్తరం, మందు సీసా, తాళంచెవి. తెర లేచే ముందు ఏ గీతలో వస్తువు లేదో దూరం నుంచే కనబడుతుంది. స్టేజి మీద నుంచి రాగానే నటుడు దాన్ని తిరిగి అక్కడే పెట్టాలి. మొదట్లో నవ్వుతారు, నవ్వనీ.

తలుపు గురించి విడిగా చెప్పాలి. పరిషత్తుల్లో ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే చట్రాలు), తలుపులు చాలాసార్లు అక్కడి సెట్ కాంట్రాక్టరు ఇచ్చినవే వాడాలి. మీరు రిహార్సల్‌లో లోపలికి తోసుకుని వచ్చే తలుపు అక్కడ బయటికి లాగేది కావచ్చు. అది చూసుకోక, కోపంగా ప్రవేశించాల్సిన మామగారు ఒకసారి తలుపు తోస్తే గోడ గోడంతా ముందుకు వంగింది. వెనక నేనూ, ఇంకో కుర్రాడూ నాటిక అయిపోయేదాకా భుజాలతో ఆ గోడని మోశాం. కాబట్టి చేరగానే నీ మొదటి పని టిఫిన్ కాదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడు, ఫ్లాటు వెనక ఊతకర్ర, దాని మీద ఇసుక బస్తా ఉన్నాయో లేదో చూడు. తర్వాత ప్రతి నటుణ్ణీ పిలిచి ఆ తలుపు ఒకసారి తీసి వెయ్యమను. పెద్ద నటులు 'నాకు తెలీదా' అంటారు. 'నా తృప్తి కోసం బాబాయ్ గారూ' అను.

ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో మన తెనాలిలోనే పుట్టింది కదా, పరిషత్తంటే మనకి కొంచెం పొగరు. పొగరుంటే ఉంది, నియమావళి మాత్రం రెండుసార్లు చదువు. ప్రదర్శనకి ఎన్ని నిమిషాలో, సెట్ వేసుకోవడానికి ఎంత ఇస్తారో అందులో ఉంటుంది, అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీ నాటిక ఆ రాత్రి ఎన్నోదో కనుక్కో. దానికంటే ముఖ్యంగా, మీ హీరోయిన్ ఇంకెవరి నాటికలో ఉందో కనుక్కో. ఆడ నటులు తక్కువ కాబట్టి ఒకే ఆవిడ ఒకే రాత్రి రెండు సమాజాలకి వేస్తుంది. అక్కడ ముసలి తల్లి, అరగంట తర్వాత మీ దగ్గర కొత్త కోడలు. జుట్టుకి పూసిన తెలుపు కడగడానికి నీళ్ళు, సబ్బు, చీర మార్చుకోవడానికి గడియ ఉన్న గది నువ్వు చూడాలి. మగవాళ్ళం మేము ఈ విషయంలో చాలా ఏళ్ళు సిగ్గులేకుండా ప్రవర్తించాం. తడికె అడ్డం పెట్టి 'కానివ్వండమ్మా' అనేవాళ్ళం. నువ్వు అలా చెయ్యవనుకుంటాను.

చీకటి. బ్లాక్ అవుట్‌లో కుర్చీ మార్చే కుర్రాళ్ళతో వెలుతురులో పదిసార్లు, కళ్ళు మూయించి పదిసార్లు ఆ పని చేయించు. కుర్చీ కాళ్ళు ఉండాల్సిన చోట, మెట్ల అంచున రేడియం స్టిక్కరు ముక్కలు అంటించు. టార్చికి నీలం జిలాటిన్ కాగితం చుట్టు. తెల్ల వెలుతురు హాల్లోకి కొడుతుంది. వింగులో నువ్వు నిలబడ్డ చోటు నుంచి ముందు వరుసలో ఒక్క మనిషి మొహం కనబడినా, ఆ మనిషికి నువ్వూ కనబడుతున్నట్టే. వెనక్కి జరుగు.

మాట మరిచిన నటుడికి చాటు నుంచి అందించే ప్రాంప్టింగ్ కూడా నీ నెత్తినే పడుతుంది. ఎవడు మాట మరిచాడు, ఎవడు కావాలని ఆగాడు అన్నది రిహార్సల్స్‌లో పట్టుకోవాలి. మా దాంట్లో ఒకాయన కన్నీటి ముందు నాలుగు అంకెలు లెక్కపెట్టుకుని ఆగేవాడు. కొత్తగా వచ్చిన ప్రాంప్టరు తొందరపడి అందించేస్తే, తెర పడ్డాక ఆయన కొట్టినంత పని చేశాడు. ఇస్తే మొదటి మాట ఒక్కటే ఇవ్వు. వాక్యమంతా చదివితే ప్రేక్షకులు ముందు నీ గొంతే వింటారు.

పద్యనాటకం అయితే ఈ లెక్కలేవీ నిలవవు. 'వన్స్ మోర్' అని ఒక్కడు అరిస్తే చాలు, కృష్ణుడు పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు, హార్మోనిస్టుకి అంతకంటే హుషారు. మధ్యలో దండలు, చదివింపులు. ఆ కృష్ణుణ్ణి ఆపడం నా వల్ల కాలేదు. నీకు ఆ బాధ ఇప్పుడే లేదులే.

కుదిరితే సురభి వాళ్ళ నాటకం ఒకటి చూడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టిన కుటుంబాలు వాళ్ళవి. ఒకసారి జనంలో కూర్చుని చూడు. తర్వాత పెద్దవాళ్ళని అడిగి, ఒప్పుకుంటే వెనక నుంచి చూడు. రంగంలో రాజుగా వేసినాయన మరుక్షణం తాడు లాగుతూ కనబడతాడు. అక్కడ 'వేషం రాలేదు కాబట్టి తాడు' అనే మాటే ఉండదు.

తెర లేచాక దర్శకుడు కూడా ప్రేక్షకుడే. మా దర్శకుడొకడు నాటిక మధ్యలో వింగులోకి పరుగెత్తుకొచ్చి 'ఆ సీను ఎత్తెయ్' అన్నాడు, టైము మించుతోందని టెన్షన్. నేను వినలేదు. ఆ సీనులో చెప్పిన సంగతి మీదే క్లైమాక్స్ నిలబడింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు ఆ రోజు అరవకు. అరిచావంటే, స్టేజి మీదకి వెళ్ళబోయే పిల్లకి చేతులు వణుకుతాయి. పక్కకి వెళ్ళి పేరు పెట్టి పిలువు, 'రెండు మాటల్లో నీ ఎంట్రీ' అని చెప్పు, చాలు.

అయిపోయాక అందరూ ఫొటోలకి పోతారు. నువ్వు జాబితా పట్టుకుని సామాను లెక్క చూసుకో. పక్కింటి వాళ్ళ ఇత్తడి బిందె పోతే మళ్ళీ ఆ వీధిలో ఎవరూ గరిటె కూడా ఇవ్వరు. ఆర్టిస్టుకి ఇవ్వాల్సిన డబ్బు కవరులో పెట్టి, తెల్లవారుజాము బస్సెక్కకముందే ఇప్పించు. 'తర్వాత పంపిస్తాం' అని కోశాధికారి అంటే పక్కనే నిలబడు, కదలకు.

ఆదివారం ఇంటికి రా. ట్రంకు పెట్టెలో నా టార్చి, రేడియం చుట్ట, పాత నోటుబుక్కులు నాలుగు ఉన్నాయి. బ్యాటరీలు మాత్రం నువ్వే కొనుక్కో. అత్తయ్య పులిహోర చేస్తానంటోంది, వచ్చేముందు అన్నం తినకు.

మీ మామయ్య