చెంప మీది మచ్చ సరే, అరికాలు చూసుకున్నారా?

చెంప మీద చిన్నప్పటి పుట్టుమచ్చ ఉబ్బుతోంది, క్యాన్సరా, పార్లర్‌లో లేజర్‌తో తీయించేసుకోవచ్చా అని అడిగారు.

ఏళ్ల తరబడి నిదానంగా ఉబ్బి, మెత్తబడి, వెంట్రుక మొలిచిన మచ్చ దాదాపుగా నిరపాయమే. పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తుగా రాయించిన మచ్చకు భయపడతారు గానీ, నలభై దాటాక కొత్తగా వచ్చినదాన్ని ఎవరూ పట్టించుకోరు. మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ఎక్కువగా పాత మచ్చలోంచి రాదు, మామూలు చర్మం మీదే కొత్తగా పుడుతుంది. అందులోనూ మనలాంటి చామనఛాయ వాళ్లకు అరికాలు, అరచేయి, గోరు కింద. అరికాలి మచ్చకు ప్రయాణయోగం చెప్పేవాళ్లకు కొదవ లేదు, అది ఎప్పటినుంచి ఉందని అడిగేవాళ్లే లేరు.

జమైకా గాయకుడు బాబ్ మార్లే సంగతే చూడండి. కుడికాలి బొటనవేలి గోరు కింద పుండును ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. వేలు తీసేయడానికి ఆయన ఒప్పుకోలేదు. 1981 మేలో పోయేనాటికి 36 ఏళ్లు.

గోరు కింద నలుపు దెబ్బ వల్లో కాదో కొంతవరకు ఇంట్లోనే తెలుస్తుంది. కమిలిన రక్తం గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. కాలి బొటనవేలి గోరు నెలకు మిల్లీమీటరున్నర పెరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలల్లో గోరు మొదలు దగ్గర శుభ్రమైన గోరు కనబడాలి. పక్కన స్కేలు పెట్టి నెలకో ఫొటో తీయండి. నల్లగీత మొదలు నుంచి కొసదాకా ఉండి వెడల్పవుతుంటే, గోరు మొదట్లో చర్మానికీ నలుపు పాకితే ఇక ఫొటోలు చాలు, చర్మవైద్యుణ్ణి కలవండి. నాలుగైదు గోళ్లకు సన్నని గీతలుంటే మాత్రం అది చాలావరకు మన రంగు వల్లే. మచ్చల విషయానికొస్తే, రెండు సగాలూ పోలకపోవడం, అంచు చెదరడం, రంగులు కలగలవడం, 6 మి.మీ. దాటడం చూస్తారు. వీటన్నిటికన్నా నాలుగైదు నెలల్లోనే మారిపోవడం ముఖ్యం.

ఇక లేజర్. అనుమానం ఉన్న మచ్చను చుట్టూ 1–3 మి.మీ. చర్మంతో సహా కోసి, ఫార్మలిన్ సీసాలో బయాప్సీకి పంపాలి. మెలనోమా అయితే వైద్యమంతా అది ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందన్న దాని మీదే నడుస్తుంది. కాల్చేశాక కొలవడానికేం మిగులుతుంది? సున్నం, సోడా పూసినా అంతే. పైగా సగం కాలిన మామూలు మచ్చ మళ్లీ వంకరటింకరగా మొలిస్తే, మైక్రోస్కోపు కింద అచ్చం మెలనోమాలా కనిపించి ఆ ముక్కను పరీక్షించే పాథాలజిస్టునే తికమక పెడుతుంది. అప్పుడు పాత మచ్చ ఫొటో ఉంటే వాళ్లకు చూపించండి, ఏం పెట్టి కాల్చారో దాచకుండా చెప్పండి.