మందుల కంపెనీల డేటాకు ప్రభుత్వ రక్షణ: దొంగల నుంచా, పోటీ నుంచా?

ఫార్మసీ విద్యార్థిగా మీరు అడిగింది ఇది: "విదేశీ కంపెనీలు కోట్లు పెట్టి చేసిన పరీక్షల డేటాను మన ప్రభుత్వం కాపాడటం లేదని, జెనెరిక్ కంపెనీలు (వేరే కంపెనీ తెచ్చిన మందునే తామూ తయారుచేసి అమ్మేవి) దాన్ని చూసి కాపీ కొడుతున్నాయని మా సార్ చెప్పారు. డేటా ఎక్స్‌క్లూజివిటీ (ఆ డేటా ఆధారంగా కొన్నేళ్లపాటు ఇంకొకరికి అనుమతి ఇవ్వకపోవడం) ఇస్తే తప్పేంటి? పేటెంట్ ఉండగా మళ్లీ అదెందుకు?"

నేను హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ (మందు ముడిసరుకు), ఫార్ములేషన్ (తయారైన మాత్రలు) కంపెనీల రెగ్యులేటరీ విభాగాల్లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేశాను. డోసియర్లు, అంటే మందు అనుమతికి ఇచ్చే ఫైళ్లు, తయారుచేసి పంపడమే నా ఉద్యోగం. అందుకే "చూసి కాపీ కొట్టడం" అన్న మాట దగ్గరే ముందు ఆగాలి. ఇన్నేళ్లలో ఏ విదేశీ కంపెనీ క్లినికల్ ట్రయల్ ఫైలూ నా టేబుల్ మీదకు రాలేదు. అనుమతి కోసం వాళ్లిచ్చిన ఫైలు డ్రగ్ కంట్రోలర్ ఆఫీసులోనే ఉంటుంది. జెనెరిక్ కంపెనీకి దాన్ని చూపించే పద్ధతే లేదు.

మరి జెనెరిక్‌కు అనుమతి ఎలా వస్తుంది? మా ముడిసరుకు ఎలా తయారవుతుంది, అందులో ఏ ఇంప్యూరిటీ (మలినం) ఎంత ఉంది, మాత్ర ఎన్ని నెలలు పాడవకుండా నిలుస్తుంది అన్నవన్నీ మేమే పరీక్షించి రాసుకుంటాం. ఆ తర్వాత కొన్ని పదుల మంది ఆరోగ్యవంతులకు ఒక విడత అసలు బ్రాండు, ఇంకో విడత మా మాత్ర ఇస్తారు. నిర్ణీత సమయాల్లో రక్తం తీసి, మందు రెండుసార్లూ ఒకే వేగంతో, ఒకే మోతాదులో రక్తంలోకి చేరుతోందా అని కొలుస్తారు. ఇదే మీరు పాఠాల్లో చదివే బయోఈక్వివలెన్స్. అధికారి పరిశీలించేది మా ఫైలునే. "ఈ మందు పనిచేస్తుందని ఇదివరకే తేలింది, వీళ్లది అదే మందు" అన్న నిర్ధారణ మీద అనుమతి ఇస్తారు. ఇందులో ఎవరి రహస్యమూ బయటపడటం లేదు.

డేటా ఎక్స్‌క్లూజివిటీ ఆపేది సరిగ్గా ఆ నిర్ధారణనే. మొదటి కంపెనీ ఫలితాల మీద ఆధారపడి ఇంకొకరికి అనుమతి ఇవ్వకూడదని ప్రభుత్వం తన అధికారి చేతులు తానే కట్టేసుకుంటుంది. అమెరికాలో కొత్త రసాయన మందులకు ఇది 5 ఏళ్లు, బయోలాజిక్స్‌కు (జీవకణాల నుంచి తయారయ్యే మందులకు) 12 ఏళ్లు. యూరప్‌లో 8 ఏళ్లు డేటాను ముట్టుకోకూడదు, ఆపైన ఇంకో 2 ఏళ్లు జెనెరిక్ మార్కెట్లోకి రాకూడదు. ఆ గడువు లోపల రావాలంటే మొత్తం ట్రయల్స్ మళ్లీ చేయాలి. అంటే పనిచేస్తుందని అప్పటికే రుజువైన మందును పోల్చి చూడటం కోసం కొంతమంది రోగులకు ఇవ్వకుండా ఉంచాలి. క్యాన్సర్ రోగి విషయంలో ఇలా చేయడానికి ఏ ఎథిక్స్ కమిటీ అయినా ఎలా ఒప్పుకుంటుంది? ఒప్పుకోకూడదు కూడా.

మేధో హక్కులపై ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమైన ట్రిప్స్ మీద మన దేశం సంతకం చేసింది కదా అని కొందరు అడుగుతారు. దాని 39.3వ అధికరణ చదవండి, చిన్నదే. కొత్త రసాయన మందుల విషయంలో ప్రభుత్వానికి ఇచ్చిన బయటపెట్టని పరీక్షా డేటాను అన్యాయమైన వ్యాపార వినియోగం నుంచి కాపాడాలని, ప్రజల రక్షణకు అవసరమైతే తప్ప బయటపెట్టకూడదని ఉంటుంది. ఇన్నేళ్లు అన్న అంకె అందులో ఎక్కడా లేదు. ఆ అంకెను వాణిజ్య ఒప్పందాల బల్ల దగ్గర కలపాలని అడుగుతుంటారు. స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా బృందంతో 2024 మార్చిలో సంతకాలయిన ఒప్పందం చర్చల్లోనూ ఈ డిమాండ్ వచ్చింది, భారత్ ఒప్పుకోలేదు. ఆ విషయంలో మన ప్రభుత్వం నిలబడటం నాకు నిజంగా సంతోషం.

పేటెంట్ ఉండగా ఇదెందుకు అన్న మీ రెండో ప్రశ్న అసలైన ప్రశ్న. పేటెంట్‌ను ఎవరైనా ఎదిరించవచ్చు. మన చట్టంలో పేటెంట్ ఇవ్వకముందే ఏ వ్యక్తి అయినా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. టీబీ మందు బెడాక్విలిన్ మీద గడువు పొడిగించుకోవడానికి వేసిన దరఖాస్తును టీబీ నుంచి బయటపడ్డ ఇద్దరు మహిళలు ఎదిరించారు, 2023 మార్చిలో పేటెంట్ ఆఫీసు దాన్ని తిరస్కరించింది. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ అడిగితే 3(డి) సెక్షన్ అడ్డుకుంటుంది. క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న చెప్పింది అదే. డేటా ఎక్స్‌క్లూజివిటీకి ఇలాంటి తలుపులేవీ లేవు. పేటెంట్‌కు అడిగినట్టు మందు కొత్తదా, అందులో కనిపెట్టిందేమైనా ఉందా అని అడిగేవారుండరు. అనుమతి రాగానే దానంతటదే మొదలవుతుంది.

అందుకే పేటెంట్ లేని మందుకు కూడా ఇది గుత్తాధిపత్యం ఇవ్వగలదు. కాల్చిసిన్ సంగతి చూడండి. గౌట్ అనే కీళ్ల నొప్పికి తరతరాలుగా వాడుతున్న మందు. అమెరికాలో లాంఛనంగా అనుమతి లేకుండానే దశాబ్దాలుగా అమ్ముడయ్యేది. 2009లో ఒక కంపెనీ ట్రయల్ చేసి అనుమతి తెచ్చుకుంది. దాంతోపాటు గౌట్‌కు 3 ఏళ్ల ఎక్స్‌క్లూజివిటీ వచ్చింది. ఆ తర్వాత అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మిగతావాళ్ల మాత్రలను మార్కెట్ నుంచి తీసేయించింది. 10 సెంట్లు కూడా లేని మాత్ర దాదాపు 5 డాలర్లయింది.

మన హైదరాబాద్ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. సొరాఫెనిబ్, అంటే బేయర్ కంపెనీ నెక్సవార్, కిడ్నీ, లివర్ క్యాన్సర్ మందు. పేటెంట్ ఉన్న మందుకు జెనెరిక్ అనుమతే ఇవ్వకూడదని బేయర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2009లో ఒకసారి, అప్పీలులో 2010లో మరోసారి కోర్టు కాదంది. పేటెంట్ హక్కును సివిల్ కోర్టులో తేల్చుకోవాలి, మందు సురక్షితమా కాదా చూసే అధికారిని పేటెంట్‌కు కాపలా పెట్టకూడదన్నది దాని సారం. తర్వాత 2012 మార్చి 9న అదే మందుకు హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, వచ్చింది. నెలకు సరిపడే 120 మాత్రల ధర రూ.2,80,428 నుంచి రూ.8,880కి దిగింది. బేయర్‌కు మొదట 6 శాతం, తర్వాత 7 శాతం రాయల్టీ నిర్ణయించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఆ రోజున డేటా ఎక్స్‌క్లూజివిటీ గడువు నడుస్తూ ఉంటే ఏమయ్యేది? పేటెంట్ ఆఫీసు లైసెన్సు ఇచ్చినా, డ్రగ్ కంట్రోలర్ అనుమతి లేకుండా ఒక్క మాత్ర కూడా అమ్మలేరు. పార్లమెంటు ప్రజల కోసం చట్టంలో పెట్టిన దారి ఇంకో ఆఫీసులో మూసుకుపోయేది. ఈ లింకు చర్చల్లో చాలా తక్కువగా వినిపిస్తుంది.

అలాగని రహస్య డేటాకు రక్షణే అక్కర్లేదని నేననను. అక్కర ఉంది, అది లేక మావాళ్లు నష్టపోవడం కళ్లారా చూశాను. బల్క్ డ్రగ్ డోసియర్‌లో ఓపెన్ పార్ట్, క్లోజ్డ్ పార్ట్ అని ఉంటాయి. మా సరుకు కొనే కస్టమర్‌కు కూడా ఓపెన్ పార్టే ఇస్తాం. తయారీ విధానం పూర్తిగా ఉండే క్లోజ్డ్ పార్ట్ నేరుగా అధికారికే వెళ్తుంది. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక స్టెప్ దగ్గర ఈల్డ్ (దిగుబడి) పెంచడానికి ఆర్ అండ్ డీ కుర్రాళ్లు రాత్రిళ్లు ప్లాంట్‌లోనే గడిపారు. కొంతకాలానికి ఒక సీనియర్ కెమిస్ట్ పోటీ కంపెనీకి వెళ్లిపోయాడు. నెలలు తిరగకుండానే వాళ్ల శాంపిల్‌లో మా విధానంలో మాత్రమే వచ్చే ఇంప్యూరిటీ కనిపించింది. పెద్ద కస్టమర్ అటు వెళ్లిపోయాడు. ఆ ఏడాది ఆ కుర్రాళ్లకు ఇంక్రిమెంట్లు లేవు.

లాయర్ దగ్గరికి వెళ్తే, ట్రేడ్ సీక్రెట్లకు (వ్యాపార రహస్యాలకు) ప్రత్యేక చట్టం లేదు, ఉద్యోగ ఒప్పందంలోని గోప్యత షరతు మీద దావా వేయాలి, దొంగతనాన్ని మీరే రుజువు చేయాలి అన్నారు. మనిషిని ఇంకోచోట ఉద్యోగం చేయొద్దనడానికి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఒప్పుకోదు. అది న్యాయమే, ఎవరి పొట్టా కొట్టకూడదు. కానీ కాగితాలు ఎత్తుకెళ్లడం వేరు కదా! ఖర్చు, ఆలస్యం చూసి మేనేజ్‌మెంట్ వెనక్కి తగ్గింది.

ప్రభుత్వం కదలాల్సింది ఇక్కడ. 22వ లా కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో ట్రేడ్ సీక్రెట్లకు విడిగా చట్టం కావాలని చెప్పింది, ముసాయిదా బిల్లు కూడా జత చేసింది. అందులో తప్పును బయటపెట్టే ఉద్యోగికి రక్షణ, ప్రజా అవసరాలకు కంపల్సరీ లైసెన్సు వంటి మినహాయింపులు సూచించింది. ఆ మినహాయింపులు చట్టంలో తప్పక ఉండాలి. మన మందుల కంపెనీ రాన్‌బాక్సీ తప్పుడు డేటా వ్యవహారం లోపలి ఉద్యోగి చెప్పడం వల్లే బయటకు వచ్చింది. 2013లో ఆ కంపెనీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. గోప్యత పేరుతో అలాంటి నోళ్లు మూయించే చట్టం వస్తే రోగులకే ప్రమాదం. డ్రగ్ కంట్రోలర్ ఆఫీసుల్లో ఏ ఫైలు ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదు కావాలని, లీక్ అయితే ఆ అధికారే బాధ్యుడు కావాలని కూడా నేను కోరుకుంటాను. ఇది విదేశీ కంపెనీకీ, జీడిమెట్లలోని చిన్న యూనిట్‌కూ ఒకేలా పనికొచ్చే రక్షణ.

ప్రాజెక్టు కోసం అడుగుతున్నట్లయితే లా కమిషన్ నివేదికతో పాటు 2012 నాటి నెక్సవార్ ఆర్డర్ కూడా చదవండి. ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, భాష కూడా మరీ కష్టంగా ఉండదు. అవసరమైన రోగుల్లో 2 శాతానికి కాస్త పైగా మాత్రమే మందు అందిందని పేటెంట్ ఆఫీసు కంట్రోలర్ లెక్కతేల్చిన భాగాన్ని మీ సార్‌కు కూడా చూపించండి.