నల్లటి పొగ వస్తోందా? టర్బో విప్పే ముందు పైపులు చూడండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. 2011 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ ఉంది, ఏడు సీట్లది. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజుల నుంచి బండి గుంజుతలేదు. మూడు, నాలుగు గేర్లలో ఎంత తొక్కినా 60 దాటడానికి ఆయాసపడుతోంది. మొన్న ఇంటిల్లిపాదీ ఎక్కి కాజీపేట పోతే ఫాతిమానగర్ బ్రిడ్జి మీద రెండో గేరు వేయాల్సి వచ్చింది. వెనకాల నల్లటి పొగ. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ రెండూ మార్పించినా ఫరక్ పడలేదు. ఇంజిన్ లైటు కూడా వెలగడం లేదు. షెడ్డులో టర్బో పోయిందన్నారు, 45 వేలు అవుతుందట. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసినవాటిలో నాకు బాగా పనికొచ్చేది ఆ నల్లటి పొగ సంగతే. డీజిల్ సరిగా అందక బండి నీరసపడితే నల్ల పొగ రాదు. పొగ నల్లగా ఉందంటే డీజిల్ పోతోంది, దాన్ని కాల్చడానికి సరిపడా గాలి పోవడం లేదు. ఎయిర్ ఫిల్టర్ ఎలాగూ మార్చారు. కాబట్టి ఫిల్టర్ దాటాక గాలి ఎక్కడ తప్పించుకుంటోందో వెతకాలి.

టర్బో గాలిని గట్టిగా నొక్కి పంపుతుంది. ఆ గాలి ఇంటర్‌కూలర్‌లో చల్లబడి ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఈ దారిలో లావుపాటి రబ్బరు పైపులు ఉంటాయి. ఇన్నేళ్ల వేడికి, ఆయిల్ ఆవిరికి ఆ రబ్బరు బిరుసెక్కి, క్లాంపు పక్కనే చీలుతుంది. చీలిక ఎక్కువగా పైపు అడుగున ఉంటుంది, పై నుంచి చూస్తే కనిపించదు. బండి నిలబడి ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది. లోడు మీద ప్రెషర్ పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. షెడ్డులో రేస్ ఇచ్చి చూస్తే దొరకకపోవడానికి కారణం ఇదే.

ఇంజిన్ చల్లారాక బానెట్ ఎత్తి ఆ పైపుల అడుగున చెయ్యి పెట్టి తడమండి. ఒకచోట తడిగా, నల్లగా, దుమ్ము పట్టి జిగటగా తగిలితే అక్కడ క్లాంపు విప్పి పైపును వంచి చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రం చెయ్యి పెట్టొద్దు. ముఖ్యంగా ఇంజెక్టర్లకు పోయే స్టీలు పైపుల దగ్గర లీకేజీని చేత్తో ఎప్పుడూ వెతకొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

ఆ తర్వాత సన్నటి వ్యాక్యూమ్ పైపు చూడాలి. మీ తరం బండ్లలో చాలావాటికి టర్బో యాక్చుయేటర్, అంటే టర్బో ఎంత గాలి నొక్కాలో అదుపు చేసే భాగం, దీనితోనే పనిచేస్తుంది. కొన్నేళ్ల కింద ఎనుమాముల మార్కెట్‌కు తిరిగే ఒక పత్తి వ్యాపారి బండి ఇలాగే నా దగ్గరికి వచ్చింది. ఇంటర్‌కూలర్ రెక్కల మీద పత్తి నూగు దుప్పటిలా పేరుకుపోయి ఉంది. దాన్ని శుభ్రం చేసినా పికప్ రాలేదు. నేను తొందరపడి టర్బో విప్పాను, అది బాగానే ఉంది. తిరిగి బిగిస్తుంటే పెన్సిల్ కంటే సన్నటి ఆ పైపు నా వేలు తగిలి ఎండుపుల్లలా విరిగింది. అసలు జబ్బు అదే. కొత్త పైపుకు రెండు వందలు కూడా కాలేదు, కానీ ఆయన సీజన్‌లో రెండు రోజులు బండి లేక తిప్పలు పడ్డాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంతగా చెబుతున్నాను. మీ బండిలో వ్యాక్యూమ్ యాక్చుయేటర్ ఉంటే చాలా వరకు స్టార్ట్ చేయగానే దాని కడ్డీ కదలాలి. కదలకపోతే ముందు ఆ పైపును అనుమానించండి.

పైపులన్నీ బాగుంటే ఈజీఆర్ వాల్వ్ విప్పించండి. ఇంజిన్ వదిలే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది ఇదే. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే పొగ ఎప్పుడూ ఇంజిన్‌లోకే పోతుంది, మంచి గాలికి చోటుండదు. లైటు వెలగలేదని స్కానర్ మానొద్దు. మీరు నడుపుతుంటే పక్క సీట్లో మెకానిక్ కూర్చుని, లోడు మీద బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ప్రెషర్) ఎంత రావాలి, ఎంత వస్తోంది అన్నది చూడాలి. నిలబెట్టి చూస్తే ఆ అంకెలు తెలియవు.

ఇవన్నీ అయ్యాకే టర్బో. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టర్బోకు గాలి వచ్చే పైపు తీసి, రెక్కలు బిగించి ఉండే షాఫ్టును వేళ్లతో తిప్పించండి. పక్కలకు కొద్దిగా ఆడితే భయం లేదు. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా టర్బో పోయినట్టే. అప్పుడు ఆ 45 వేలు పెట్టండి. టర్బో కూడా బాగుంటే ఇంజెక్టర్లు పరీక్ష చేయించాలి.

ఈ పని అయ్యేదాకా దయచేసి లారీలను ఓవర్‌టేక్ చేయకండి. సగం దాటాక బండి లాగకపోతే ఎటూ పోలేరు, పైగా మీ ఇంట్లోవాళ్లంతా అందులోనే ఉంటారు.

ప్రశ్న: మాది పరకాల. మా పాత ఎస్‌యూవీలో పొగ రాదు, ఇంజిన్ మాత్రం గట్టిగా అరుస్తుంది, స్పీడు పెరగదు. డీజిల్‌లో పోసే మందు వాడితే బాగవుతుందా?

జవాబు: కాదు. ఇంజిన్ బలం చక్రాలకు చేరడం లేదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40కి వచ్చి, ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు ముల్లు అక్కడే ఉంటే, కాలిన వాసన కూడా వస్తే, క్లచ్ ప్లేటు అరిగి జారుతోంది. మందు సీసాకు పెట్టే డబ్బు క్లచ్ సెట్టుకు దాచుకోండి. ముల్లు లేవకుండా బండి బరువుగా పోతుంటే పది కిలోమీటర్లు నడిపి ఆపి, ముట్టుకోకుండా ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. ఒక్కటే బాగా సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది.