వెస్ట్ ఫోర్క్‌కి వెళ్లే ముందు

అమ్మలూ,

నవంబర్ మొదట్లో అరిజోనాలో సెడోనా ఊరికి పైన వెస్ట్ ఫోర్క్ లోయలో నడవడానికి వెళ్తున్నామన్నావు. మేపుల్ ఆకులు ఎర్రబడే రోజులే, కానీ శనివారం వెళ్తే ఆకుల కంటే జనమే ఎక్కువ కనిపిస్తారు. వీలైతే వారం మధ్యలో ఒకరోజు సెలవు పెట్టండి. పార్కింగ్ చిన్నది, త్వరగా నిండిపోతుంది. సెడోనా చుట్టుపక్కల పార్కింగ్‌కి కొనే రెడ్ రాక్ పాస్ అక్కడ చెల్లదు, డబ్బు విడిగా కట్టాలి.

ఫీనిక్స్ ఎండ చూసి బట్టలు సర్దుకోకు. వెస్ట్ ఫోర్క్ దగ్గర ఎత్తు సుమారు 5,300 అడుగులు. పక్కన నిట్టనిలువు కొండలు కాబట్టి లోయలోకి ఎండ ఆలస్యంగా దిగి, తొందరగా వెళ్లిపోతుంది. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు.

అసలు సంగతి వాగు. వెళ్లేటప్పుడు పదమూడు సార్లు దాటాలి, వచ్చేటప్పుడు మళ్లీ అన్నిసార్లూ. నీళ్లు మామూలుగా చీలమండ దాకానే ఉంటాయి. బూట్లు తడవకూడదని అందరూ రాళ్ల మీద గెంతుతారు, అక్కడే పడతారు. రాలిన ఆకులు తడి రాళ్లకు అతుక్కుని సబ్బులా జారతాయి. రాయి మీద నమ్మకం కుదరకపోతే నీళ్లలోనే దిగి నడువు. కర్ర ముందు ఆనించి, తర్వాతే అడుగెయ్యి. ఊలు సాక్సులు ఇంకో జత సంచిలో ఉంచుకో. మణికట్టు విరిగితే ఫోన్ చేద్దామన్నా ఆ లోయలో సిగ్నల్ ఉండదు. పైన వాన పడి నీళ్లు మట్టిరంగుకి తిరిగితే, ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగండి.

దారి పక్కన మూడేసి ఆకులతో ఎర్రగా కనిపించే మొక్కల్లో పాయిజన్ ఐవీ కూడా ఉంటుంది. ఫొటో కోసమని ఆకులు కోయకండి, దురద రోజుల తరబడి వదలదు.

సుమారు 3.3 మైళ్ల దగ్గర దారి ఆగి, రెండు గోడల మధ్యా నీళ్లే ఉంటాయి. వేసవిలో కుర్రాళ్లు ఈదుకుంటూ ముందుకు పోతారు, ఈ చలిలో మీకొద్దు. అసలు చివరిదాకా వెళ్లి తీరాలన్న పంతమే అనవసరం. ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కడే తిని వెనక్కి బయల్దేరండి. అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది.

అల్లుడుగారికి టార్చి లైటు గుర్తు చెయ్యి. కర్రలు మా గ్యారేజీలో రెండున్నాయి, ముందురోజు సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. మీ అత్త పులిహోర కూడా కట్టిస్తానంటోంది.

మీ మామయ్య