21 మార్కుల్లో డబ్బుకి 7

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

మొదటి జీతం చేతికొచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నావు. నువ్వు ఆడే స్టార్‌డ్యూ వ్యాలీ ఆటతోనే చెబుతాను. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి తయారుచేసి 2016లో విడుదల చేసిన ఆట అది. అందులో పొలం లెక్కలు నీకు కొట్టినపిండి. అవే లెక్కలు జీతానికి ఎక్కడ సరిపోతాయో, ఎక్కడ సరిపోవో తెలుసుకుంటే నీ పని సగం అయినట్టే.

ముందు ఆఖరి లెక్క చూడు. ఆటలో మూడో ఏడాది మొదటి రోజున, నీకు పొలం వదిలివెళ్లిన తాతగారి ఆత్మ వచ్చి నీ రెండేళ్ల బతుకుకి మార్కులు వేస్తుంది. మొత్తం 21. సంపాదనకి ఉన్నవి 7. యాభై వేల గోల్డ్ (ఆటలో డబ్బు పేరు) దగ్గర మొదటి మార్కు పడుతుంది, పది లక్షలు దాటితే ఏడూ వచ్చేస్తాయి. మార్కుల్ని బట్టి కొవ్వొత్తులు వెలుగుతాయి, నాలుగూ వెలగాలంటే 12 కావాలి. కోటి సంపాదించినా డబ్బు ఒక్కదానితో రెండు కొవ్వొత్తుల దగ్గరే ఆగిపోతావు. మిగతావి ఊళ్లోవాళ్లతో స్నేహం, పెళ్లి, ఇంట్లో పెంచుకునే జంతువు, నేర్చుకున్న పనులు, బాగుచేసిన కమ్యూనిటీ సెంటర్ లాంటి వాటినుంచి రావాలి. అలాగని డబ్బుని తీసిపారెయ్యకు. మిగతా పద్దుల్లో దేనికీ ఏడు మార్కులు లేవు. కాబట్టి ఆ ఏడూ తెచ్చుకోవాలి, కానీ రోజంతా వాటికే ఖర్చయిపోకుండా తెచ్చుకోవాలి.

కొత్తవాళ్లు చేసే తప్పు ఇక్కడే ఉంది. 500 గోల్డ్, 15 పార్స్‌నిప్ (ఒక దుంప కూర) విత్తనాలతో ఆట మొదలవుతుంది. కాస్త డబ్బు ఆడగానే ఉన్నదంతా విత్తనాల మీద పెడతారు. మొదట్లో ఒంట్లో శక్తి 270. పొలంలో ఒక్కో గడికి నీళ్లు పొయ్యడానికి 2 పోతుంది. వంద గడులు వేస్తే నీళ్లకే 200 అయిపోయి, గనిలోకి దిగే ఓపిక మిగలదు. గనిలోకి దిగకపోతే రాగి, ఇనుము దొరకవు. అవి లేకపోతే వాటంతట అవే నీళ్లు చల్లే స్ప్రింక్లర్ లేదు. ఎండాకాలం వచ్చినా ఇంకా చేత్తోనే నీళ్లు పోస్తూ ఉంటారు. తెలిసినవాళ్లు మొదటి నెల పంట తక్కువ వేసి, ఓపిక గనికి దాచుకుంటారు. ఒక రాగి కడ్డీ, ఒక ఇనుప కడ్డీతో చేసిన మామూలు స్ప్రింక్లర్ 4 గడులు తడుపుతుంది. ఇనుము, బంగారం, శుద్ధిచేసిన క్వార్ట్జ్‌తో చేసే క్వాలిటీ స్ప్రింక్లర్ 8 తడుపుతుంది. అలాంటివి పన్నెండు పెడితే 96 గడులకి తెల్లారేసరికి నీళ్లు అందుతాయి, నీ శక్తి నీకే ఉంటుంది.

జీతానికి స్ప్రింక్లర్ అంటే ఆటో డెబిట్. జీతం ఒకటో తారీఖున పడితే రెండో తారీఖున పొదుపు దానంతట అదే వెళ్లిపోవాలి. నెలాఖరున మిగిలింది దాద్దామనుకుంటే ప్రతి నెలా మనసుతో పోట్లాట తప్పదు. జీతం 30,000, ఖర్చు 20,000 అనుకుందాం. ఆపదకి దాచాల్సిన ఆరు నెలల ఖర్చు 1,20,000. నెలకి 6,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఇరవై నెలల్లో ఆ నిధి తయారవుతుంది. అది పూర్తయ్యాక అదే 6,000ని ఇండెక్స్ ఫండ్ (మార్కెట్ సూచీలోని షేర్లన్నీ కొనే ఫండ్) సిప్‌లోకి, అంటే నెలనెలా కట్టే వాయిదాలోకి మళ్లించు. జీతం పెరిగిన ప్రతిసారీ పెరిగినదాంట్లో సగం సిప్‌కి చేర్చు. మిగతా సగం హాయిగా ఖర్చుపెట్టుకో, తప్పు లేదు.

ఇక అదును సంగతి. నువ్వు బాగా పట్టించుకోవాల్సింది ఇదే. ఆటలో రుతువుకి 28 రోజులు. కాలీఫ్లవర్ విత్తనం 80, పంట 175, పట్టేది 12 రోజులు. వసంతంలో 16వ తారీఖులోపు వేస్తేనే చేతికొస్తుంది. 17న వేశావా, రుతువు మారగానే చేలోనే ఎండిపోతుంది. పార్స్‌నిప్ లాభం గింజకి 15 గోల్డే, కానీ నాలుగు రోజుల్లో వస్తుంది కాబట్టి 24న వేసినా ఇబ్బంది లేదు. విత్తేముందు ఎంత లాభమని కాదు, ఇంకా ఎన్ని రోజులున్నాయని లెక్కపెడతావు కదా, డబ్బు విషయంలోనూ అదే చెయ్యి. రెండేళ్లలో చెల్లి పెళ్లికి కావలసిన డబ్బు షేర్లలో ఉండకూడదు, అది ఫిక్స్‌డ్ డిపాజిట్ సొమ్ము. పదిహేనేళ్ల దాకా ముట్టుకోని డబ్బుని డిపాజిట్‌లో పెట్టినా పొరపాటే, ధరల పెరుగుదల దాన్ని తినేస్తుంది. ఒక్కో మొత్తానికి ఏ సంవత్సరంలో అవసరమో పక్కనే రాసిపెట్టుకో.

స్ట్రాబెర్రీ లెక్క కూడా చూడు. వసంతం 13న గుడ్ల పండగలో మాత్రమే ఆ విత్తనం 100కి అమ్ముతారు. ఆ రాత్రే నాటితే 21న, 25న రెండు కోతలు. పండు 120 చొప్పున 240. అదే విత్తనాన్ని పెట్టెలో దాచి, వచ్చే ఏడు వసంతం 1న నాటితే ఐదు కోతలు, 600. ఓర్పుకి అంత ఫలం ఉంది. కానీ ఉన్నదంతా స్ట్రాబెర్రీలో ఇరికించేస్తే ఎండాకాలం బ్లూబెర్రీ విత్తనాలకి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. సిప్ కంటే ముందు ఆరు నెలల నిధి అన్నది అందుకే.

బ్లూబెర్రీ ధర 50. జార్ (నిలవ జాడీ)లో పెట్టి జెల్లీ చేసినా 150, కెగ్ (పీపా)లో వైన్ చేసినా 150. జార్‌లో త్వరగా అవుతుంది కాబట్టి జారే మేలు. అదే 750 పలికే స్టార్‌ఫ్రూట్‌కి జెల్లీ 1,550, వైన్ 2,250. సరుకు ఎంత మంచిదైతే ఆలస్యమైనా కెగ్‌లో పెట్టడం అంత లాభం. నీ వయసులో ఆ సరుకు నీ పనితనం. వారానికి ఐదు గంటలు దానికి కేటాయించు. 500 రూపాయల ఖర్చు తగ్గించడానికి పడే తాపత్రయం కంటే అది ఎక్కువ ఇస్తుంది.

ఆట చెప్పనివీ ఉన్నాయి. అక్కడ నువ్వు అమ్మే పంట ధర పడిపోదు, నీకు జబ్బు చెయ్యదు. ఇక్కడ రెండూ జరుగుతాయి. సిప్ వేసిన మరుసటి ఏడాదే విలువ తగ్గి కనిపించవచ్చు, అప్పుడు ఆపెయ్యకు. ఇంకొకటి, అక్కడ ఏడాది అంటే 112 రోజులు, ఓ వారాంతం కూర్చుంటే గడిచిపోతుంది. ఇక్కడ 72ని వడ్డీ శాతంతో భాగించు, డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. ఏడు శాతానికి దాదాపు పదేళ్లు. ఆట వేగానికి అలవాటుపడ్డ మనసుకి ఇది భరించడం కష్టం. అప్పుడే షేర్ల ధరల మీద పందెంలా సాగే ఫ్యూచర్స్, ఆప్షన్స్ వైపు చూపు పోతుంది. వాటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ లెక్కతేల్చింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీలాంటి వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం చట్టమే తెచ్చింది. వాటి జోలికి వెళ్లకు నాన్నా.

రాత్రి రెండు దాటితే ఆటలో మనిషి కుప్పకూలిపోతాడు. చేతిలోని డబ్బులో పదో వంతు దాకా, గరిష్ఠంగా వెయ్యి గోల్డ్ పోతుంది, మర్నాడు ఒంట్లో సత్తువ కూడా నిండుగా ఉండదు. నిద్ర మానేసి చేసే అదనపు పనిని అలాగే లెక్కగట్టుకో.

ఆటలో స్నేహాల పద్దుకి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఎవరికైనా వారానికి రెండు కానుకలే ఇవ్వగలవు, పుట్టినరోజున ఇచ్చినదానికి ఎనిమిది రెట్ల విలువ. ఆ ఊళ్లో ఉండే పామ్‌కి పార్స్‌నిప్ అంటే ప్రాణం. వసంతం 18న, ఆమె పుట్టినరోజున, 35 గోల్డ్ చేసే ఒక్క దుంప ఇస్తే 640 పాయింట్లు, అంటే స్నేహాన్ని కొలిచే హృదయాల్లో రెండున్నర. పలకరిస్తే 20 పెరుగుతాయి, పలకరించని రోజు 2 తగ్గుతాయి. నువ్వూ దగ్గరివాళ్ల పుట్టినరోజులు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకో, వాళ్లకి ఏది ఇష్టమో పక్కనే రాసుకో. అమ్మకి రోజూ రెండు నిమిషాలు ఫోన్ చెయ్యి. వారమంతా ఊరుకుని ఆదివారం గంటసేపు మాట్లాడితే సరిపోదు.

ఈ నెలలో చెయ్యాల్సినవి మూడు. జీతం ఖాతా నుంచి రెండో తారీఖుకి 6,000 ఆటో డెబిట్. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, విడిగా ఐదు లక్షల పాలసీ ఒకటి. ఖాతాకీ, డిపాజిట్‌కీ, పీఎఫ్‌కీ నామినీగా అమ్మ పేరు. అన్నిచోట్లా ఆధార్‌లో ఉన్నట్టే రాయి, ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిప్పలు పడాలి. ఫారం దగ్గర ఏదైనా తెలియకపోతే రాత్రి తొమ్మిదిలోపు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మామయ్య